పేపరుకు పనికొచ్చే గ్రాఫు కోసం: హనుమకొండ ల్యాబ్ నుంచి నా అనుభవం

2024 జులై రెండో వారంలో మా గైడ్ సార్ ల్యాబ్ మీటింగ్ ముగిస్తూ, ఇకపై ఈ గదిలోంచి పత్రికలకు వెళ్లే ఏ పరిశోధన పేపరులోనూ లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్‌తో గీసిన బొమ్మ ఉండకూడదని చెప్పారు. నా మొదటి పేపరు రాత దాదాపు పూర్తయిన సమయమది. అందులోని ఏడు బొమ్మల్లో ఆరు, ల్యాబ్‌లోని పాత కంప్యూటర్‌లో ఉన్న ఒరిజిన్ అనే గ్రాఫుల సాఫ్ట్‌వేర్‌లో గీసినవే. ఆ కాపీని ఎవరు వేశారో, దానికి బిల్లు ఉందో లేదో ఎవరికీ తెలియదు. సీనియర్ల నుంచి జూనియర్లకు అలా చేతులు మారుతూ వచ్చింది. సార్ చెప్పింది న్యాయమే. అయినా ఆ సాయంత్రం హాస్టల్‌కు నడుస్తుంటే దిగులు ముంచుకొచ్చింది. అప్పటి నుంచి పేపరు అచ్చయ్యేదాకా ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఇదే పరిస్థితిలో ఉన్న రీసెర్చ్ స్కాలర్లు మా చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు, నన్ను అడుగుతున్నారు కూడా.

మా పని ఏమిటంటే, జింక్ ఆక్సైడ్ నానో కణాల్లో కొద్దిపాటి రాగిని చేర్చి, వెలుతురు పడినప్పుడు అవి నీళ్లలోని మిథిలిన్ బ్లూ రంగును ఎంత వేగంగా విరగ్గొడతాయో కొలవడం. నేను వరంగల్ కొత్తవాడలో దర్రీల నూలుకు రంగులు అద్దడం చూస్తూ పెరిగాను. రంగు నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయన్న ప్రశ్న చిన్నప్పటి నుంచీ ఉంది. అందుకే ఈ పేపరు నాకు ఒక సర్టిఫికెట్ కంటే ఎక్కువ. దానిలోని బొమ్మలు చూసేవాళ్లకు ఆ ఫలితం నమ్మదగ్గదిగా కనిపించాలని గట్టిగా కోరుకున్నాను.

మొదట సహజంగానే ఒరిజిన్‌నే కొనాలనుకున్నాం. సార్ డీలరుకు మెయిల్ రాస్తే పది రోజులకు కొటేషన్ వచ్చింది. నా సీఎస్ఐఆర్ ఫెలోషిప్‌లో కంటింజెన్సీ, అంటే పరిశోధన ఖర్చులకిచ్చే డబ్బు, ఏడాదికి 20,000 రూపాయలు. రసాయనాలు, గాజు సామాను, హైదరాబాద్‌లో శాంపిళ్ల పరీక్షల ఫీజు అన్నీ అందులోంచే. ల్యాబ్ మొత్తానికి లైసెన్సు అంటే ఆ డబ్బుతో అయ్యే పని కాదు. డిపార్ట్‌మెంట్ నిధులతో కొనడానికి ఫైలు పెట్టాం. అక్కడ ఇంకో చిక్కు. కొనుగోలుకు మూడు కొటేషన్లు కావాలంటారు. ఒకే సంస్థ తయారుచేసే వస్తువుకు మూడు ఎక్కడి నుంచి వస్తాయి? దానికి విడిగా ప్రొప్రయిటరీ సర్టిఫికెట్ జతచేసి, ఇదే ఎందుకు కావాలో, దీనికి బదులు వేరేది ఎందుకు పనికిరాదో రాసివ్వాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి కూర్చున్నప్పుడే, నిజంగా వేరేది పనికిరాదా అని సార్ నన్ను అడిగారు. ఆ ప్రశ్నతోనే నా వెతుకులాట మొదలైంది.

ఆ వారమే ఫిజిక్స్‌లోని ఒక సీనియర్ మేడంను కలిశాను. ఆమె తన థీసిస్ కాలం నుంచీ గ్నూప్లాట్ అనే ఉచిత గ్రాఫుల ప్రోగ్రాం వాడుతున్నారు. నేను రాసుకున్న సాఫ్ట్‌వేర్ల చిట్టా అంతా చదివితే ఆమె విని, "ఒకసారి గీసి ఎంత అందంగా వచ్చిందో చూడొద్దమ్మా. గీశాక ఇంకో శాంపిల్ కలిపి చూడు. అప్పుడు ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకో" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అన్నిటికంటే విలువైన సలహా ఇదే. పేపరులో బొమ్మను ఎవరూ ఒక్కసారే గీయరు. గైడ్ ఒకటి మార్చమంటారు, సహరచయిత ఇంకొకటి, పత్రిక తరఫున పేపరును పరిశీలించే రివ్యూయర్ మరొకటి. మొదటిసారి గీయడానికి పట్టే సమయాన్ని చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటే, తర్వాతి ఆరు నెలలూ దానికి మూల్యం కట్టాలి.

కాబట్టి పరీక్షకు నా బొమ్మల్లో అన్నిటికంటే కష్టమైనదాన్ని తీసుకున్నాను. ఐదు శాంపిళ్ల ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) గీతలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉండాలి. ప్రతి పీక్ (గీతలోని శిఖరం) మీదా అది స్ఫటికంలోని ఏ తలానిదో చెప్పే సూచిక ఉండాలి. జింక్ ఆక్సైడ్‌కు 36.2 డిగ్రీల దగ్గర వచ్చే పెద్ద పీక్ రాగి కలిపేకొద్దీ ఎంత జరిగిందో చూపడానికి, పక్కనే ఆ ఇరుకు భాగాన్ని పెద్దది చేసిన చిన్న పెట్టె ఉండాలి. అడుగున, పోల్చుకోవడానికి, జింక్ ఆక్సైడ్ ప్రామాణిక డేటా ఉండే జేసీపీడీఎస్ 36-1451 కార్డులోని నిలువు గీతలు ఉండాలి. ఇది రాగలిగితే మిగతావన్నీ వస్తాయి. సులువైన బొమ్మతో పరీక్షిస్తే ప్రతి సాఫ్ట్‌వేరూ బాగానే కనిపిస్తుంది.

పరీక్షకు ముందు పత్రిక కొలతలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. మేం పంపదలచింది ఎల్సెవియర్ పత్రిక. ఒక కాలమ్ బొమ్మకు 90 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నరకు 140, పూర్తి పేజీకి 190. గీతల బొమ్మకు 1000 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫొటోకు 300, రెండూ కలిసినదానికి 500. అచ్చులో అక్షరం 7 పాయింట్లు, కింది సూచికాక్షరం 6 కంటే తగ్గకూడదు. అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలకైతే ఒక కాలమ్ దాదాపు 3.3 అంగుళాలు, నేచర్‌కు 89 మిల్లీమీటర్లు. ఎక్కడికి పంపుతామో ముందే తేల్చుకుంటే సగం పని తగ్గుతుంది. 90 మిల్లీమీటర్లంటే దాదాపు మూడున్నర అంగుళాలు, అంటే 1000 డీపీఐ దగ్గర 3543 చుక్కల వెడల్పు. కంప్యూటర్ తెర మీది బొమ్మను కత్తిరించి పంపితే ఆ అంకెకు దరిదాపుల్లోకి కూడా రాదు.

ఆగస్టు మొదటి వారంలో ఒరిజిన్ ట్రయల్ వేసుకున్నాను. 21 రోజులు ఉచితం. లెక్క మొదలయ్యేది మనం పని మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, యాక్టివేట్ చేసిన రోజు నుంచి. అందుకని డేటా అంతా శుభ్రంగా సర్దుకుని, ఏమేం చూడాలో రాసుకున్నాకే యాక్టివేట్ చేశాను. మీరూ అలాగే చేయండి. నిజం చెప్పాలంటే ఒరిజిన్ గొప్ప సాఫ్ట్‌వేర్. పీక్ ఫిట్టింగ్‌లో, అంటే పీక్‌కు సరిపోయే గణిత వక్రాన్ని అమర్చడంలో, దానికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. పీక్ మీద నొక్కితే బేస్‌లైన్ (పీక్ కింది నేపథ్యం) తీసి, సూడో-వాయిట్ అనే గణిత ఆకారాన్ని అమర్చి, వెడల్పు ఎంతో చెప్పేస్తుంది. ఆరో శాంపిల్ కలపడమూ టెంప్లేట్ ఉంటే కష్టం కాదు. కానీ విండోస్ మీదే నడుస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు, అంటే ఒక రకం లినక్స్, కాబట్టి ట్రయల్ అంతా ల్యాబ్ డెస్క్‌టాప్ మీదే సాగింది. ఆ యంత్రం కోసం మేం నలుగురం వంతులు వేసుకునేవాళ్లం. మధ్యాహ్నం కరెంటు పోతే ఆ పూట నా వంతు పోయినట్టే.

ట్రయల్ గడువులోనే ఒక ముఖ్యమైన పని ముగించాను. పాత ప్రాజెక్టు ఫైళ్లలో చిక్కుకున్న రెండేళ్ల డేటానంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లలోకి తీశాను. ట్రయల్ అయిపోయినా ఒరిజిన్ వ్యూయర్ అని ఉచితంగా ఒకటి దొరుకుతుంది. దానితో పాత ఫైళ్లు తెరిచి అంకెలను కాపీ చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక డేటా పోయిందనుకుని ఏడ్చిన స్నేహితురాలు నాకు ఉంది. ఆమె కోసమైనా ఇది రాయాలనుకున్నాను.

సెప్టెంబరు మొదట్లో వానలు విరుచుకుపడ్డాయి. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మహబూబాబాద్ వెళ్లిన మా జూనియర్ చాలా రోజులు అక్కడే ఉండిపోయాడు. రాగి 5 శాతం శాంపిల్ అసలు ఫైలు అతని ల్యాప్‌టాప్‌లోనే ఉంది. అతను వచ్చేదాకా నాలుగు గీతలతోనే పరీక్షలు సాగించాను. ఒకరకంగా మేడం చెప్పిన పరీక్ష తనంతట తానే జరిగింది. ఐదో శాంపిల్ చేతికొచ్చిన రోజు, ఏ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఎంతసేపట్లో చేర్చగలిగానో నిజంగానే గడియారం పెట్టి చూశాను.

ల్యాబ్‌ప్లాట్ అనే ఉచిత గ్రాఫుల సాఫ్ట్‌వేర్‌తో ఎక్కువ కాలం గడపలేదు. ఒరిజిన్‌కు అలవాటుపడ్డ కన్నుకు తొందరగా నచ్చుతుంది, ఒరిజిన్‌లోని పాత ఓపీజే రకం ఫైళ్లను తెరుస్తుంది. కానీ నా ఫైళ్లలో ఎక్కువ భాగం కొత్త ఓపీజేయూ రకంవి, వాటి దగ్గర ఆగిపోయింది. అలాంటిదే ఇంకొకటైన సైడావిస్ కూడా అంతే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, పాత బరువు లేనివాళ్లకు ల్యాబ్‌ప్లాట్ మంచిదే. ఎక్సెల్ సంగతి చెప్పమని చాలామంది అడుగుతారు. లెక్కలకు వాడండి, పేపరు బొమ్మలకు వద్దు.

గ్నూప్లాట్‌ను మేడం దగ్గరే కూర్చుని నేర్చుకున్నాను. 1986 నుంచి ఉన్న ప్రోగ్రాం. నల్లటి తెర మీద నాలుగు వాక్యాలు రాస్తే బొమ్మ వచ్చేస్తుంది. మొత్తం ఆదేశాలు ఒక చిన్న ఫైలులో ఉంటాయి. ఐదో శాంపిల్ చేర్చడానికి ఒక్క వాక్యం కలిపితే చాలింది, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గ్రాఫులోని సమీకరణాలు లేటెక్ (సమీకరణాలను అచ్చుకు కూర్చే వ్యవస్థ) అక్షరాల్లో ఎంత అందంగా వచ్చాయో చెప్పలేను. కానీ పక్కన పెట్టె గీయడానికి వచ్చేసరికి అంచులను అంకెల్లో లెక్కగట్టి ఇవ్వాల్సి వచ్చింది. పీక్ ఫిట్టింగ్ కూడా చేయవచ్చు గానీ ప్రతి పీక్‌కూ మొదటి అంచనా నేనే చేత్తో ఇవ్వాలి. ఫిజిక్స్‌లో సమీకరణాల మీద బతికేవాళ్లకు ఇది సరైన తోడు. నాకు రసాయన డేటాతో గీయడానికి ముందు చాలా సర్దుబాట్లు, కోతలు ఉంటాయి. ఆ పనికి ఇంకో చోటికి, గీయడానికి మళ్లీ దీని దగ్గరికి రావాల్సి వచ్చింది.

వ్యూజ్ అనే గ్రాఫుల సాఫ్ట్‌వేర్ గురించి మా దగ్గర ఎవరూ వినలేదు. నాకూ వెతుకుతుంటేనే తగిలింది. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఎడమ పక్కన బొమ్మలోని భాగాలన్నీ చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి: పేజీ, దాని కింద గ్రాఫు, దాని కింద అక్షాలు, గీతలు. ఏది మార్చాలో దాన్ని నొక్కి మార్చడమే. డేటా ఫైలును లింక్ చేసి పెట్టుకుంటే, ఫైలులో అంకె మారినప్పుడు బొమ్మ కూడా మారుతుంది. అక్షాన్ని మధ్యలో విరిచి చూపడం కూడా ఉంది. ఒక్క కోడు వాక్యం కూడా రాయకుండా మా జూనియర్ ఒక్క మధ్యాహ్నంలో తన ఎఫ్‌టీఐఆర్ (పరారుణ వర్ణపటం) బొమ్మ గీశాడు. వేవ్‌నంబర్ అక్షం 4000 నుంచి 400కు తలకిందులుగా వెళ్లాలి కదా, అది కనిష్ఠం, గరిష్ఠం తారుమారు చేసి రాస్తే వచ్చేసింది. కోడు రాయడం ఇష్టం లేనివాళ్లకు నేనిప్పుడు కళ్లు మూసుకుని వ్యూజ్ పేరే చెబుతాను.

అలాంటప్పుడు నేనెందుకు అక్కడే ఆగలేదు? నా పేపరులో గీయడానికి ముందు లెక్క చాలా ఉంది. 664 నానోమీటర్ల దగ్గర శోషణ తగ్గుదలను తీసి, లాగరిథం కట్టి, సరళరేఖ అమర్చి, వేగ స్థిరాంకం తేల్చి, మూడుసార్లు చేసిన ప్రయోగాల సగటు, వాటి మధ్య తేడా ఎంతో చూపే ఎర్రర్ బార్ వేయాలి. లెక్కా బొమ్మా ఒకే చోట ఉంటే, లెక్కలో ఒక అంకె మారితే బొమ్మ దానంతటదే మారుతుంది. అందుకే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, అందులో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ వైపు తిరిగాను.

కోడు రాయడం నాకు కొత్త. బతుకమ్మ సెలవులు అక్టోబరు మొదట్లో మొదలయ్యాయి. ఎంగిలిపూల నాటికి ఇంటికి చేరి, సద్దుల దాకా పగలంతా పైథాన్, సాయంత్రం పూలు. అమ్మ గునుగు పూలు కోసి కుప్ప పోస్తుంటే పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. "ఆ పిచ్చి గీతలు ఎప్పుడు అయిపోతాయే" అని అడిగేది. మొదటి రోజుల్లో నిజంగానే విసుగొచ్చింది. ఒక కామా తప్పితే ఎర్ర అక్షరాలు తెరంతా పరుచుకునేవి. దసరా దాటేసరికి డేటా ఫైలు చదవడం, గీయడం, సేవ్ చేయడం చేతికి వచ్చాయి. అంతకుమించి కోడు నేర్వాల్సిన అవసరం పేపరు బొమ్మలకు లేదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే మా దగ్గర చాలామంది పైథాన్ పేరు వినగానే వెనక్కి తగ్గుతున్నారు.

మాట్‌ప్లాట్‌లిబ్‌ను రాసిన జాన్ హంటర్ ప్రోగ్రామర్‌గా మొదలైనవాడు కాదు, నాడీశాస్త్ర పరిశోధకుడు. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను చూసుకోవడానికి తనకు కావలసిన పనిముట్టును తానే తయారుచేసుకుని 2003లో అందరికీ ఇచ్చాడు. 2012లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆయన 2007లో దీని గురించి రాసిన పేపరును మా పేపరులో ఉదహరించాం. ఉచితంగా వాడుకున్నదానికి మనం ఇవ్వగలిగిన ధర అదొక్కటే.

ఇక ఎవరూ ముందుగా చెప్పని చిన్న చిన్న సంగతులు. అవే ఎక్కువ రోజులు తిన్నాయి. బొమ్మ చుట్టూ ఖాళీ తీసేయడానికి సేవ్ చేసేటప్పుడు బీబాక్స్ టైట్ అని రాయమని ప్రతి పాఠంలోనూ ఉంటుంది. అలా రాస్తే బొమ్మ వెడల్పు 90 మిల్లీమీటర్లు ఉండదు, ఎంతవుతుందో కూడా మన చేతిలో ఉండదు. అది తీసేసి కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ పెడితే కొలత నిలబడుతుంది. రెండోది, పీడీఎఫ్‌లో అక్షరాలు మామూలుగా టైప్ 3 రకంగా వెళతాయి. కొన్ని పత్రికల వ్యవస్థలు వాటిని తిప్పికొడతాయి. ఇంక్‌స్కేప్‌లో తెరిచి అక్షరాలు దిద్దుకోవడం కూడా కష్టమవుతుంది. ఫాంట్‌టైప్ 42 అని ఒక్క చోట మారిస్తే పోతుంది. మూడోది, ఏరియల్ ఫాంటు ఉబుంటులో ఉండదు. లిబరేషన్ శాన్స్ అక్షరాల వెడల్పు దానికి సరిగ్గా సమానం, అదే వాడాను. కొత్త ఫాంటు వేశాక కూడా పాతదే వస్తుంటే మాట్‌ప్లాట్‌లిబ్ దాచుకున్న ఫాంట్ల జాబితాను చెరిపేయాలి.

బొమ్మను చుక్కలుగా దాచే టిఫ్ ఫైళ్లు ఇంకో తలనొప్పి. 1000 డీపీఐ దగ్గర ఒక్క బొమ్మ 37 ఎంబీ దాకా వచ్చింది. హాస్టల్ వైఫై మీద ఏడు బొమ్మలు ఎక్కించడం అయ్యే పనేనా? ఎల్‌జెడ్‌డబ్ల్యూ కుదింపు పెడితే నాణ్యత ఏమాత్రం పోకుండా ఒకటి రెండు ఎంబీలకు దిగింది. అసలు గీతల బొమ్మలకు పీడీఎఫ్ పంపితే డీపీఐ గొడవే ఉండదు, ఎంత పెద్దది చేసినా గీత గీతలాగే ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలకే టిఫ్ ఉంచాను. సార్ డ్రాఫ్టు మాత్రం వర్డ్‌లోనే చూస్తారు. వర్డ్ మనల్ని అడగకుండానే బొమ్మలను కుదిస్తుంది. సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ భాగంలో, ఫైలులోని చిత్రాలను కుదించవద్దు అనే గడిలో టిక్కు పెట్టాకే సార్ చూసే బొమ్మ నా బొమ్మలా కనిపించింది.

అక్టోబరు చివర్లో బొమ్మలన్నీ పట్టుకుని కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ రోడ్డు దగ్గర థీసిస్‌లు బైండింగ్ చేసే జిరాక్సు షాపుకు వెళ్లాను. అసలు కొలతలో కాగితం మీద చూస్తే తప్ప నాకు నమ్మకం కుదరలేదు. షాపాయన అలవాటుగా, "మేడం, పేజీ నిండా వచ్చేలా పెద్దది చేయమంటారా?" అని అడిగాడు. "వద్దన్నా, సరిగ్గా వంద శాతమే ఉంచండి" అన్నాను. రంగులో ఒక కాపీ, నలుపు తెలుపులో ఒక కాపీ. అక్కడి బల్ల మీదే స్కేలు పెట్టి కొలిచాను. ఎడమ అంచు సున్నా మీద, కుడి అంచు సరిగ్గా 9 సెంటీమీటర్ల గీత మీద. అక్షం మీది అంకెలను చెయ్యంత దూరంలో పెట్టి చదివాను, చదవగలిగాను. ఆ పూట కలిగిన ఆనందం చిన్నది కాదు.

నలుపు తెలుపు కాపీ ఇంకో సంగతి బయటపెట్టింది. మూడో గీతా నాలుగో గీతా ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. ల్యాబ్‌లో రంగు కాపీ చూపిస్తే మా జూనియర్, "అక్కా, రంగులో కూడా ఆ రెండూ నాకు ఒకేలా ఉన్నాయి" అన్నాడు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా అతనికి సరిగా తెలియదని అప్పుడే తెలిసింది. రెండేళ్లుగా అతను మా గ్రాఫులను అలా చూస్తున్నాడు, ఎవరికీ చెప్పలేదు. మగవాళ్లలో ఈ ఇబ్బంది అరుదేమీ కాదు, పత్రిక రివ్యూయర్‌కూ ఉండవచ్చు. వెంటనే విరిడిస్ అనే రంగుల వరస నుంచి ముదురు నుంచి లేతకు వెళ్లే రంగులు తీసుకున్నాను, ప్రతి శాంపిల్‌కూ వేరే గుర్తు పెట్టాను, గీతల పక్కనే పేర్లు రాశాను. మార్చాల్సింది రంగులు, గుర్తుల అమరిక రాసి పెట్టుకున్న ఒక్క స్టైల్ ఫైలే కాబట్టి గ్రాఫులన్నీ ఒకేసారి మారిపోయాయి. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఏ బొమ్మైనా ముందు అతనికే చూపిస్తాం.

నవంబరు మొదటి వారంలో పేపరు పంపాం. రెండు నెలలకు పైగా ఎదురుచూపు. సంక్రాంతి సెలవుల్లో మెయిల్ వచ్చింది: మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపాలి), గడువు 30 రోజులు. బొమ్మల మీదే నాలుగు వ్యాఖ్యలు. పీక్ జరుగుదల పెట్టెను ఇంకా ఇరుకు పరిధిలో చూపించమన్నారు. వేగ స్థిరాంకాలకు ఎర్రర్ బార్లు మిగతా శాంపిళ్లకూ వేయమన్నారు. కాంతి శోషణ నుంచి పదార్థం బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ పై స్థాయికి దూకడానికి కావలసిన శక్తి) తేల్చే టౌక్ గ్రాఫులో సరళరేఖను ఏ భాగంలో అమర్చామో స్పష్టంగా చూపమన్నారు. రాగి 7 శాతం శాంపిల్‌ను కూడా చేర్చమన్నారు. చివరిది చదవగానే గుండె ఝల్లుమంది. శాంపిల్ తయారీ, హైదరాబాద్‌లో ఎక్స్‌ఆర్‌డీ కలిపి రెండు వారాలకు పైగా పట్టింది. బొమ్మల పని మాత్రం ఒక్క సాయంత్రం. ఫైలు పేర్ల జాబితాలో ఒక పేరు కలిపి కోడు నడిపితే ఆరో గీత పైకి వచ్చి కూర్చుంది, పెట్టెలోనూ చేరింది, కైనెటిక్స్ (చర్య వేగం) బొమ్మలో ఆరో బిందువు తన ఎర్రర్ బార్‌తో సహా కనిపించింది. పాత పద్ధతిలో ఇదే పని నాకంటే ముందు పేపరు వేసిన సీనియర్‌కు వారం తిన్నదని ఆమే చెప్పింది.

పీక్ వెడల్పుల విషయంలో సార్‌కు ఒక అనుమానం ఉండేది. ఒరిజిన్ చెప్పిన అంకెకూ, పైథాన్‌లో ఎల్‌ఎమ్‌ఫిట్ అనే ఫిట్టింగ్ ప్యాకేజీ చెప్పిన అంకెకూ తేడా వస్తే రివ్యూయర్‌కు ఏం జవాబు చెబుతామని. ట్రయల్ రోజుల్లో దాచిన ఫలితాలు అప్పుడు పనికొచ్చాయి. రెండిటిలోనూ సూడో-వాయిట్ ఆకారమే, బేస్‌లైన్ ఒకటే కాబట్టి వెడల్పులు మూడో దశాంశం దాకా కలిశాయి. పీక్ వెడల్పు నుంచి షెరర్ సూత్రంతో కట్టిన కణాల పరిమాణమూ మారలేదు. సార్ ఆ రెండు నిలువు వరసలను పక్కపక్కన పెట్టి చూసి, "సరే అమ్మా, ఇక దీనితోనే వెళ్దాం" అన్నారు.

ఫిబ్రవరి చివర్లో అంగీకారం వచ్చింది. తర్వాత ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు సరిచూసే పేజీలు, 48 గంటల్లో చూసి పంపమన్నారు. ఒక బొమ్మను ఒక కాలమ్ నుంచి ఒకటిన్నరకు వాళ్లే సాగదీశారు. పీడీఎఫ్ కాబట్టి ఎక్కడా చెదరలేదు, కానీ అక్షరాలు పక్క బొమ్మకంటే పెద్దగా కనిపించాయి. 140 మిల్లీమీటర్లకు మళ్లీ గీసి గంటలో పంపితే మార్చారు. ప్రూఫుల్లో వాక్యాలే కాదు, బొమ్మల వెడల్పు కూడా కొలిచి చూడండి.

చేతి నుంచి పోయిన డబ్బు చెప్పుకోదగ్గది కాదు: రంగు ప్రింట్లు, ఫోను డేటా రీచార్జీలు. అసలు ఖర్చు సమయమే. జులై నుంచి అక్టోబరు చివరి దాకా సగం సాయంత్రాలు దీనికే పోయాయి. ఎవరైనా ఇప్పుడు మొదలుపెడితే అందులో మూడో వంతు చాలు. రోజూ పీక్ ఫిట్టింగే పనైనవాళ్లు, యూనివర్సిటీకి ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లు ఒరిజిన్‌ను వదలాల్సిన పనిలేదు. కోడు రాయనివాళ్లకు వ్యూజ్ ఉంది. లెక్కా బొమ్మా కలిసి నడవాల్సినవాళ్లు పైథాన్‌కు ఒక సెలవుల కాలం కేటాయించండి.

డిపార్ట్‌మెంట్‌లో ఒరిజిన్ కొనుగోలు ఫైలు ఇంకా నడుస్తోంది. వస్తే ల్యాబ్ డెస్క్‌టాప్ మీద వేసి పీక్ ఫిట్టింగ్‌కు వాడుకుంటాం. నా స్టైల్ ఫైలు, ఏడు బొమ్మల కోడు, వాటి డేటా అన్నీ ల్యాబ్ ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టాను. 90, 140, 190 మిల్లీమీటర్లకు విడివిడిగా మూడు నమూనాలున్నాయి. జూనియర్లు ఇద్దరు వాటితోనే తమ మొదటి బొమ్మలు గీస్తున్నారు. థీసిస్‌కు పేజీ కొలత వేరు కాబట్టి నాలుగో నమూనా ఈ వేసవిలో తయారుచేయాలి.